పేరు ఊరిది... లాభం ఎవరిది?

ఆత్రేయపురం పూతరేకుకు 2023లో భౌగోళిక గుర్తింపు దక్కింది. కోనసీమ వాసులందరూ సంతోషించదగిన విషయమే. అయితే గుర్తింపు పత్రం గోడకు తగిలించినంత మాత్రాన సరుకు అమ్ముడుపోదు. హైదరాబాదులోనో, అమెరికాలోనో ఉన్న తెలుగువారు పూతరేకులు తినాలనుకుంటే ఇవాళ సెల్‌ఫోన్‌లో వెదుకుతున్నారు. అక్కడ ఊరి పేరు ఎవరైనా రాసుకోవచ్చు. పొయ్యి దగ్గర కూర్చున్న మహిళ మాత్రం కనిపించదు.

బోర్లించిన కుండ కింద ఎండు కొబ్బరాకుల మంట, పైన పల్చటి బియ్యప్పిండి జావలో ముంచిన గుడ్డతో ఒక్క పూత. క్షణంలో రేకు లేస్తుంది. ఆ వేడికీ పొగకూ ఓర్చుకొనేది మహిళలే. రేకులు చేసి ఇచ్చేవారికి దక్కేది కూలి. నెయ్యి, బెల్లం, జీడిపప్పు చేరి పెట్టెలోకి ఎక్కాక వచ్చే లాభం అమ్మేవారిది. తయారీదారులు తామే కొనేవారిని చేరుకోగలిగితే ఈ తేడా కొంతైనా తగ్గుతుంది. అందుకు సొంత వెబ్‌సైట్ ఒక మార్గం.

బోర్డు కడితే చాలదు

వెబ్‌సైట్ అంటే రంగురంగుల బొమ్మలని చాలామంది అనుకుంటారు. నిజానికి అది అంగడి. అంగట్లోకి వచ్చినవాడు అడిగే ప్రశ్నలు నాలుగే: సరుకు ఏమిటి? ధర ఎంత? ఎప్పుడు చేరుతుంది? ఎవరు చేశారు? వీటికి మొదటి పేజీలోనే జవాబు దొరకాలి. పెట్టెలో ఎన్ని ఉంటాయి, బరువెంత, బెల్లంవా పంచదారవా, ఎన్నాళ్లు నిలవ ఉంటాయి అన్నవి స్పష్టంగా రాయాలి. కొరియర్ ఖర్చు ముందే చెప్పాలి. డబ్బు కట్టే వేళ చెబితే కొనేవాడు వెనుదిరుగుతాడు.

పూతరేకు పెళుసు. తేమ తగిలితే మెత్తబడుతుంది. దారిలో విరిగితే డబ్బు వాపసా, మరో పెట్టె పంపుతారా అన్నది కూడా ముందే తెలపాలి. ఫోటోలు సొంత సరుకువే, పగటి వెలుగులో తీసినవే పెట్టాలి. అవి మరీ పెద్దవైతే ఫోన్లో పేజీ తెరుచుకోవడం ఆలస్యమవుతుంది. అంతసేపు ఎవరూ ఆగరు.

చట్టం ఏమంటోంది?

ఆహార పదార్థాలు అమ్మేవారికి ఆహార భద్రతా సంస్థ రిజిస్ట్రేషన్ గాని, లైసెన్సు గాని తప్పనిసరి. ఆ 14 అంకెల నంబరు వెబ్‌సైట్లో కనిపిస్తే కొనేవారికి నమ్మకం కలుగుతుంది. తయారీదారు పేరు, చిరునామా, నికర బరువు, గరిష్ఠ ధర కూడా చూపాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఫిర్యాదు అందినట్లు 48 గంటల్లో తెలిపి, నెలలోగా పరిష్కరించాలి.

భౌగోళిక గుర్తింపు ఒక్కరి సొత్తు కాదు. ఆ ప్రాంత తయారీదారులు అధీకృత వినియోగదారులుగా నమోదు చేయించుకోవచ్చు. అలా నమోదైనవారు ఆ సంగతి వెబ్‌సైట్లో చూపితే అసలుకీ నకిలీకీ తేడా కొనేవారికి తెలుస్తుంది.

జాగ్రత్త అవసరం

ఒక్కో కుటుంబం విడిగా ఈ భారం మోయడం కష్టం. మహిళా పొదుపు సంఘాలు కలిసి ఒకే వెబ్‌సైట్ నడుపుకోవడం మేలు. ఇక్కడ ఒక మెలిక ఉంది. వెబ్‌సైట్ పేరును తయారు చేసి ఇచ్చే కుర్రవాడు తన పేరిట రిజిస్టరు చేసుకుంటే, రేపు అంగడి తాళం అతని చేతిలో ఉంటుంది. సంఘం పేరిటే రిజిస్టరు చేయించి, గడువు తీరకముందే రుసుము చెల్లిస్తుండాలి.

సంక్రాంతికి ఆర్డర్లు వెల్లువెత్తితే చేయగలిగినంతవరకే తీసుకొని, మిగిలినవి ఆపివేయాలి. పండుగ వెళ్లాక చేరిన పెట్టె వల్ల పోయే పేరు, ఒక్క కుటుంబానిది కాదు, ఊరందరిదీ.

గుర్తింపు తెచ్చుకోవడంతో పని సగమే అయింది. సంఘాలకు లెక్కలు, ప్యాకింగు, ఫోన్లో ఆర్డర్లు చూసుకోవడం నేర్పితే మిగతా సగం పూర్తవుతుంది. ఆ బాధ్యతను అధికారులు, చదువుకున్న ఊరి యువకులు తీసుకోవలసిన అవసరం ఎంతైనా ఉంది.