జవాబు ఒక్కటే చాలదు

లెక్కల పరీక్షలో విధానం రాయకుండా జవాబు మాత్రమే వేసి పేపరు ఇచ్చేస్తే మీ మాస్టారు పూర్తి మార్కులు వేస్తారా? వేయరు గదా! అదే కంప్యూటరు చూపిన జవాబునైతే మనం మారుమాట లేకుండా నమ్మేస్తాం. ఈ అలవాటు నాకు నచ్చదు.

నిరుడు మా బడి సైన్సు ప్రదర్శన కోసం పదో తరగతి విద్యార్థులు వర్షపాతం లెక్క కట్టే ప్రోగ్రాం ఒకటి పీహెచ్‌పీ భాషలో రాశారు. ల్యాబులోని ఒక కంప్యూటరును సర్వరుగా చేసి దాన్ని అందులో ఉంచారు. జూలై నెలలో రోజుకు సగటున 5.4 మిల్లీమీటర్ల వాన పడిందని మిగతా కంప్యూటర్లలో రంగుల పట్టిక కనిపించింది. అందరూ భేష్ అన్నారు. ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె మాత్రం, "బాగుంది మాస్టారూ, ఈ సగటు ఎలా కట్టారో ఎక్కడుంది?" అని అడిగింది. బ్రౌజరులో పేజీ సోర్సు తెరిచి చూపించాం. పట్టిక గుర్తులూ అంకెలూ ఉన్నాయి గాని, లెక్క చేసిన తీరు లేదు.

ఎలా ఉంటుంది? హోటల్లో మన ముందుకు దోసె వస్తుంది గాని, పిండి కలిపిన కొలతలు రావు. పీహెచ్‌పీ ఫైలును సర్వరు తన దగ్గరే నడిపి, ఫలితాన్ని మాత్రమే పంపుతుంది. పంపేటప్పుడు దానికొక చీటీ కూడా తగిలిస్తుంది. చీటీ మీద 'టెక్స్ట్/హెచ్‌టీఎంఎల్' అని ఉంటే బ్రౌజరు దాన్ని పేజీగా తీర్చిదిద్దుతుంది. 'టెక్స్ట్/ప్లెయిన్' అని ఉంటే అక్షరాలను ఉన్నవి ఉన్నట్టు చూపుతుంది. ఈ చీటీల పద్ధతిని 1992లో ఈమెయిళ్ళ కోసం ఏర్పరిచారు. వెబ్ దాన్ని అరువు తెచ్చుకుంది.

కనుక మనం సర్వరుకు రెండు సంగతులు చెప్పాలి: ఫైలును నడపవద్దు, చీటీ మార్చు. మాది అపాచీ సర్వరు. ప్రోగ్రాములున్న ఫోల్డరుకే 'ఏలియాస్' ఆదేశంతో రెండో చిరునామా ఇచ్చాం. ఆ చిరునామాకు మాత్రం వర్తించేలా 'సెట్‌హ్యాండ్లర్ డీఫాల్ట్-హ్యాండ్లర్' అనీ, 'ఫోర్స్‌టైప్ టెక్స్ట్/ప్లెయిన్' అనీ రెండు వరుసలు రాశాం. (సర్వరులో ఇవి ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉండాలి సుమా!) ఇప్పుడు ఒక చిరునామాలో ప్రోగ్రాం నడుస్తుంది, రెండో దానిలో అదే ప్రోగ్రాం చదువుకోవడానికి కనిపిస్తుంది. ఫైలుకు నకలు తీసి పక్కన పెట్టవచ్చు గదా అంటారేమో. అసలును దిద్దిన ప్రతిసారీ నకలును దిద్దేదెవరు?

మొదట్లో మా పిల్లలు తెలుగులో రాసుకున్న వివరణలన్నీ పిచ్చి గీతలుగా వచ్చాయి. అక్షరాలు యూటీఎఫ్-8 పద్ధతిలో ఉన్నాయని చీటీలో చేర్పించాక కుదురుకున్నాయి.

ఆ అమ్మాయి ప్రోగ్రాం చదివింది. జూలైలో మూడు రోజులు వాన కొలవడం మరిచిపోయారట. ఆ ఖాళీలను ప్రోగ్రాం సున్నాలుగా తీసుకుంది! మొత్తం 168 మిల్లీమీటర్లను కొలిచిన 28 రోజులతో భాగించాలి గదా, 31తో భాగించింది. రావలసింది 6. పట్టికను వంద మంది చూశారు, ఒక్కరికీ అనుమానం రాలేదు.

మా తోటి ఉపాధ్యాయుడొకరు దీనికి ఒప్పుకోలేదు. అన్నీ బయట పెడితే ప్రమాదమన్నారు. ఆయన మాటలో నిజముంది. 2007 ఆగస్టులో ఫేస్‌బుక్ సర్వరు ఒకటి సరిగా అమర్చకపోవడం వల్ల ఆ సంస్థ ప్రోగ్రాంలో కొంత భాగం బయటివాళ్ళకు కనబడింది. అంతదాకా ఎందుకు, మా పిల్లల ఫైలులోనే డేటాబేసు పాస్‌వర్డు రాసి ఉంది! దాన్ని వెబ్‌కు అందని వేరే ఫోల్డరులోకి మార్పించి, కొత్త పాస్‌వర్డు పెట్టించాను. తాళంచెవి దాచాలి, నిజమే. సగటు కట్టిన తీరును దాచడమెందుకు?

చూస్తే కాపీ కొడతారని కూడా ఆయన అన్నారు. కొట్టనివ్వండి. మనమంతా అక్షరాలు దిద్దింది ఎవరో రాసిచ్చిన వాటి మీదే.

ఈ ఏడు ప్రదర్శనలో ప్రతి ప్రోగ్రాం పక్కనా రెండు లింకులు ఉండాలని మా విద్యార్థులకు చెప్పాను: ఒకటి 'నడుపు', రెండోది 'చదువు'. మీ బడి ల్యాబులోనూ పెట్టమని మీ మాస్టారిని అడిగి చూడండి.