ఏసీలో గ్యాస్ అయిపోతుందా?

ఎండలు ముదరగానే ఏసీ మెకానిక్‌లకు తీరిక ఉండదు. వచ్చినాయన రెండు నిమిషాలు అటూ ఇటూ చూసి, 'గ్యాస్ అయిపోయిందండీ, నింపాలి' అంటాడు. రెండు మూడు వేలు ఇచ్చి నింపించుకుంటాం. మళ్లీ వేసవి, మళ్లీ అదే మాట. వంటింట్లో సిలిండర్ అయిపోవడం లేదూ, ఇదీ అంతే కాబోలు అని సరిపెట్టుకుంటాం.

అంతే కాదు. ఏసీలో గ్యాస్ మండదు, ఖర్చవదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ ఏళ్ల తరబడి తిరుగుతూనే ఉంటుంది.

మరి చల్లదనం ఎక్కణ్నుంచి వస్తోంది? మట్టికుండను గుర్తు తెచ్చుకోండి. కుండ గోడలోంచి ఊరిన నీరు ఆవిరవుతూ, అందుకు కావలసిన వేడిని లోపలి నీళ్ల నుంచే లాక్కుంటుంది. ఏసీ చేసేదీ అదే. కాకపోతే అందులో ఉండేది నీరు కాదు, చాలా తక్కువ వేడికే మరిగిపోయే పదార్థం. ఇప్పటి ఏసీల్లో ఎక్కువగా కనిపించే ఆర్-32, మామూలు వాతావరణ పీడనంలో మైనస్ 52 డిగ్రీల దగ్గరే మరుగుతుంది. గదిలోని కాయిల్‌లో అది ఆవిరవుతూ మన గది వేడిని పీల్చుకుంటుంది. బయటి పెట్టెలో ఉండే కంప్రెసర్ ఆ ఆవిరిని గట్టిగా నొక్కుతుంది. నొక్కితే వేడెక్కుతుంది. సైకిలుకు గాలి కొట్టి పంపు అడుగున చెయ్యి పెట్టినవాళ్లకు ఈ సంగతి తెలుసు. బయట 43 డిగ్రీల ఎండ ఉన్నా, గ్యాస్ అంతకంటే వేడిగా ఉంటుంది కాబట్టే ఆ వేడిని బయటి గాలికి వదిలేసి మళ్లీ ద్రవంగా మారగలుగుతుంది. తర్వాత సన్నని దారిలోంచి దూరి, పీడనం తగ్గి, చల్లబడి గదిలోకి వస్తుంది. సందులో వెళ్లేవారి మొహాన కొట్టే వేడిగాలిలో సగానికి పైగా మన పడగ్గదిదే!

కాబట్టి గ్యాస్ తగ్గిందంటే ఎక్కడో కారిపోయిందన్నమాట. గొట్టాలు కలిపిన చోట బిగింపు సరిగా లేకపోవచ్చు, కాయిల్‌కు తుప్పుతో సన్నని చిల్లు పడి ఉండొచ్చు. అది మూయకుండా నింపితే చిల్లుకుండలో నీళ్లు పోసినట్టే. పైగా తిరిగొచ్చే చల్లటి గ్యాసే కంప్రెసర్ మోటారును చల్లబరచాలి. అది చాలకపోతే కంప్రెసర్‌కే ముప్పు. కారింది ఊరికే పోదు కూడా. కిలో ఆర్-32 గాల్లో కలిస్తే, వందేళ్ల లెక్కన 675 కిలోల కార్బన్ డయాక్సైడ్‌తో సమానంగా భూమిని వేడెక్కిస్తుంది. పాత ఏసీల్లోని ఆర్-22 ఇంకా ఘనం. దాదాపు 1,800 కిలోలతో సమానం, ఓజోన్ పొరకూ చేటే. 1987 నాటి మాంట్రియల్ ఒప్పందం, దానికి 2016లో కిగాలీలో చేసిన సవరణ ఈ బెడదల కోసమే.

చల్లదనం తగ్గితే మొదట ఫిల్టర్ తీసి కడగండి. దుమ్ము పట్టి గాలి ఆడకపోయినా కాయిల్ మీద మంచు కడుతుంది, గ్యాస్ తగ్గినా కడుతుంది. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. నిజంగానే గ్యాస్ తగ్గితే 'ఎక్కడ కారుతోంది?' అని అడగండి. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే బుడగలే చోటు చెబుతాయి. అతికాక వాక్యూమ్ పంపుతో లోపలి గాలి, తేమ లాగేయాలి. తర్వాత గ్యాస్‌ను కాటా మీద తూచి ఎక్కించాలి. ఉజ్జాయింపుగా పట్టించకూడదు. ఒక రకం గ్యాస్‌కు తయారైన ఏసీలో ఇంకోటి నింపనివ్వొద్దు. ఆర్-32కు కొద్దిగా మండే గుణం ఉంది. ఆర్-290 అయితే అచ్చంగా ప్రొపేనే, మన వంటగ్యాస్‌లో ఉండేదే.

ఏ గ్యాస్, ఎన్ని గ్రాములన్నది బయటి పెట్టె మీది స్టిక్కర్‌లో ఉంటుంది. ఎండకు వెలిసిపోకముందే ఫోన్‌లో ఓ ఫొటో తీసి పెట్టుకోండి.