అంబాసిడర్‌కు కొత్త ఇంజను: కార్బురేటర్ యోగ్యతా విచారం

పాత అంబాసిడర్ కారు గలవారు నలుగురు కూడిన చోట ఇంజను మార్పిడి ప్రసంగం రాక మానదు. ఏ ఇంజను వేయించాలి, ఎంతకు దొరుకుతుంది, గేరుబాక్సు కలుస్తుందా అన్న చర్చ గంటల తరబడి సాగుతుంది. కార్బురేటర్ మాట మాత్రం చివరకు, కాఫీ గ్లాసులు ఖాళీ అయిన తరువాత, "దానికేముంది, ఏదో ఒకటి బిగిద్దాం" అన్న ఒక్క వాక్యంతో ముగుస్తుంది. ఈ పద్ధతి తలకిందులుగా ఉన్నదని నా అభిప్రాయం. కార్బురేటర్ ఏదో నిర్ణయం కానిదే ఇంజను కొనకూడదు. ఆ నిర్ణయం కుదరకపోతే ఇంజను మార్చనే కూడదు.

తెలుగు పండితుడికి ఈ యంత్రాల ప్రసక్తి ఏమిటని చదువరులు ఆశ్చర్యపోవచ్చు. మా అన్నగారు 1974లో కొన్న మార్క్-2 అంబాసిడర్, ఆయన గతించిన తరువాత కుమారునికి సంక్రమించింది. మా ఇంటి ఆడపడుచులందరూ అత్తవారింటికి తరలివెళ్ళింది ఆ కారులోనే. అందులోని 1489 సీసీ ఇంజనును తీసివేసి, 1990ల అంబాసిడర్లలో వచ్చిన 1817 సీసీ ఇసుజు ఇంజను వేయించాలని మా అబ్బాయి సంకల్పం. "బాబాయ్, మీరు ఔనంటే అమ్మ కూడా ఔనంటుంది" అని భారం నా మీద పెట్టాడు. ఔనో కాదో చెప్పడానికి ముందు విషయం తెలియాలి గదా! నా పూర్వశిష్యుడొకడు విజయవాడ ఆటోనగర్‌లో మెకానిక్కు. రెండు వారాలపాటు అతనికి నేను విద్యార్థినైనాను.

వాక్యం అర్థవంతం కావాలంటే ఆకాంక్ష, యోగ్యత, సన్నిధి అనే మూడూ ఉండాలని మన శాస్త్రకారులు చెప్పారు. "నిప్పుతో తడుపుతున్నాడు" అన్న వాక్యంలో వ్యాకరణదోషం ఏదీ లేదు. కరణం ఉన్నది, క్రియ ఉన్నది. లేనిది యోగ్యత. బోల్టు కన్నాలు కలిశాయి గనుక కార్బురేటర్ ఇంజనుకు కుదిరిందనుకోవడం అటువంటిదే.

లెక్క చూడండి. ఈ ఇంజన్లు రెండు చుట్లకు ఒకసారి తమ ఘనపరిమాణమంత గాలిని పీలుస్తాయి. 1489 సీసీ ఇంజను నిమిషానికి 4500 చుట్లు తిరిగితే 3350 లీటర్లు పీల్చాలి. సిలిండర్లు ఎన్నడూ పూర్తిగా నిండవు గనుక నూటికి ఎనభై వంతులు వేసుకుంటే సుమారు 2680 లీటర్లు. అదే వేగం వద్ద 1817 సీసీ ఇంజనుకు సుమారు 3270 లీటర్లు కావాలి. అంటే అయిదవ వంతుకు పైగా అదనం. పాత కార్బురేటర్ గొంతు ఈ అదనపు గాలిని పోనివ్వగలదా అన్నది మొదటి ప్రశ్న. పోనివ్వకపోతే ఊళ్ళో బాగానే నడుస్తుంది, హైవే ఎక్కిన తరువాత ఉక్కిరిబిక్కిరి అవుతుంది.

అయితే పెద్దది బిగిస్తే సరిపోతుందంటారు కొందరు. మన ప్రాంతంలో ఈ వ్యామోహం మరీ ఎక్కువ. గొంతు వెడల్పయితే తక్కువ వేగంలో గాలి నెమ్మదిస్తుంది. గాలి నెమ్మదిస్తే పీల్పు తగ్గి, జెట్టు నుండి పెట్రోలు తుంపరగా లేవదు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ముందుకు దూకవలసింది పోయి ఒక్క క్షణం ఆలోచనలో పడుతుంది. ఆ క్షణమే లారీని దాటబోయేవాడికి ప్రాణసంకటం.

ఇందులో ఎస్‌యూ జాతి కార్బురేటర్‌ది ఒక విశేషం. అనేక అంబాసిడర్లలో ఉన్నది అదే. ఇంజను ఎంత పీలిస్తే దాని లోపలి పిస్టను అంత పైకి లేచి గొంతును తానే వెడల్పు చేస్తుంది. పిస్టనుకు వేలాడే సన్నని సూది జెట్టులోంచి అంతే మేరకు లేచి పెట్రోలును కొలిచి ఇస్తుంది. గాలికి తగిన గొంతు, గొంతుకు తగిన ఇంధనం! సోలెక్స్‌లో గొంతు స్థిరం. దానికి మెయిన్ జెట్టు, గాలి జెట్టు, ఐడ్లింగు జెట్టు వేర్వేరుగా కుదర్చాలి. ఎస్‌యూ ఉదారమైనదే గాని, సూది మార్చకుండా ఇంజను మారిస్తే అదీ ఏమీ చేయలేదు. సూది ఏటవాలు ఒక్కొక్క ఇంజనుకు ఒక్కొక్క తీరు.

ఇంగ్లండులో 1955లో వచ్చిన ఎంజీఏ అనే స్పోర్ట్స్ కారులోనిదీ మన అంబాసిడర్ వంశానికి చెందిన 1489 సీసీ ఇంజనే. దానికి ఒకటిన్నర అంగుళాల ఎస్‌యూలు రెండు తగిలించారు. ఇది విని, "మనమూ రెండు పెడదాం" అనేవారిని చూశాను. ఆ కారుకు సంపీడన నిష్పత్తి వేరు, క్యామ్ వేరు. అవి లేకుండా కార్బురేటర్లు మాత్రం రెండు పెడితే పెట్రోలు ఖర్చు రెట్టిస్తుందేమో గాని శక్తి రెట్టించదు.

పంపు సంగతి ఇంకొకటి. ఫ్యూయల్ ఇంజెక్షన్ కారులోంచి తీసిన ఎలక్ట్రిక్ పంపును పాత కారుకు తగిలించే అలవాటు కనబడుతున్నది. కార్బురేటర్ ఫ్లోటు సూది చదరపు అంగుళానికి మూడు పౌండ్ల ఒత్తిడి దరిదాపుల్లోనే నిలబడుతుంది. ఇంజెక్షన్ పంపు దానికి పది రెట్లకు మించి తోస్తుంది. పెట్రోలు పొంగి వేడి మానిఫోల్డు మీద పడితే ఏమవుతుందో వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక ఇప్పటి ఇంధనం. 2025 నాటికి దేశమంతటా ఇరవై శాతం ఎథనాల్ కలిపిన పెట్రోలు వచ్చింది. శుద్ధ పెట్రోలు ఒక పాలుకు 14.7 పాళ్ళ గాలి కావాలి. ఈ మిశ్రమానికి సుమారు 13.5 చాలు. జెట్టు మార్చకపోతే మిశ్రమం పలచనై ఇంజను తడబడుతుంది. ఆనాటి రబ్బరు గొట్టాలు, కార్కు ప్యాకింగులు ఎథనాల్‌కు ఓర్చుకోవు. కనుక పాత పుస్తకంలోని జెట్టు సంఖ్యలను వేదవాక్యంగా పట్టుకుని కూర్చోకూడదు.

అన్నింటికన్న మా అబ్బాయిని ఆలోచింపజేసినది చట్టం. 2021లో కేంద్రం వింటేజి వాహనాల నియమాలు తెచ్చింది. యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్పు లేకుండా మూలరూపంలో ఉన్న వాహనానికే ఆ హోదా. మా కారుకు 2024లో యాభై నిండాయి. ఇసుజు బిగించిన రోజున ఆ అర్హత పోతుంది. పైగా ఇంజను మార్పును రవాణా శాఖ అనుమతితో రిజిస్ట్రేషన్ పత్రంలో చేర్పించుకోవాలి.

రోజూ నూరు కిలోమీటర్లు తిరగవలసినవారిని నేను తప్పుపట్టను. ఇసుజు మంచి ఇంజనే. కంపెనీవారే వేసిన ఇంజను. అటువంటివారు ఇంజనుతో పాటు దాని మానిఫోల్డు, కార్బురేటర్, పంపు, యాక్సిలరేటర్ తీగ, ఎయిర్ ఫిల్టరు అన్నీ ఒకే బండి నుండి తెచ్చుకోవాలి. విడిగా ఇంజను మాత్రం అమ్ముతామనే వాని దగ్గర బేరం చేయవద్దు. ఏడాదికి నాలుగు శుభకార్యాలకు తిరిగే మా బండికి ఆ అవసరం లేదని వదినగారి ఎదుటనే చెప్పాను. అబ్బాయి రెండు రోజులు ముభావంగా ఉన్నాడు. మూడవ రోజున పాత ఎస్‌యూను విప్పించాడు. త్రాటిల్ ఇరుసు అరిగి పక్కనుండి గాలి పీలుస్తున్నదట. ఇరవై ఏళ్ళుగా మిస్సింగు అని మేము ఇంజనును నిందించినది దాని వల్లనే. ఇరుసుకు కొత్త బుష్షులు పడ్డాయి. ఎథనాల్‌కు తగిన సూది ఇంకా రావలసి ఉన్నది.