తెలుగు అక్షరం ‘పొడుగు’ అట! దేనికంటే?

మ్యాక్‌లో అందమైన ఫాంట్లు ఎలా వచ్చాయో స్టీవ్ జాబ్స్ 2005లో స్టాన్‌ఫర్డ్ ప్రసంగంలో చెప్పారు. రీడ్ కాలేజీలో చదువు మానేశాక కూడా వెళ్లి కూర్చున్న కాలిగ్రఫీ క్లాసు వల్లనట. తొలి మ్యాక్ ఐకాన్లు గీసిన సూసన్ కేర్ అయితే పిక్సెల్స్ గురించి మాట్లాడేటప్పుడు మొజాయిక్‌లు, సూదీదారంతో చేసే కుట్టుపని గుర్తు చేస్తారు. నిజమే కదా, చిన్న చిన్న గళ్లు నింపుతూ బొమ్మ తేవడమేగా రెండూ!

డిజైనర్ల మాటలు పెద్ద థియరీలా వినిపిస్తాయి కానీ, అందులో సగం వాళ్ల చేతికీ కంటికీ అలవాటైన విషయాలే. అందులో తప్పేం లేదు. ఒకరి అలవాటు అందరికీ రూల్ అయిపోయినప్పుడే తంటా.

గూగుల్ మెటీరియల్ డిజైన్ గైడ్‌లైన్స్ చూడండి. అందులో లిపుల్ని మూడు రకాలుగా విడదీశారు: ‘ఇంగ్లిష్ లాంటివి’, ‘డెన్స్’, ‘టాల్’. చైనీస్, జపనీస్ డెన్స్. తెలుగు, హిందీ, అరబిక్ లాంటివి టాల్. ఉద్దేశం మంచిదే, మన అక్షరాలకు లైన్ హైట్ ఎక్కువ ఇవ్వమనే చెబుతున్నారు. కానీ ఆ పేర్లు గమనించారా? కొలబద్ద ఇంగ్లిష్, మనం ‘ఎక్స్‌ట్రా’. ‘స్త్రీ’, ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ చదువుతూ పెరిగిన కంటికి ఒత్తుకి కింద చోటు ఉండటం మామూలు సంగతి. ఆ లెక్కన ఇంగ్లిషే పొట్టి!

మాటే కదా అని వదిలేయడానికి లేదు. గైడ్‌లైన్‌లో ‘ఎక్స్‌ట్రా’ అనుకున్నది యాప్ చేసేటప్పుడు ‘తర్వాత చూద్దాం’ అయిపోతుంది. బాక్స్ ఎత్తు ఇంగ్లిష్‌కి ఫిక్స్ చేసేస్తారు. తెలుగు పెట్టగానే ఒత్తు కింద తెగుతుంది, గుడి పైన తగులుతుంది. అప్పుడు జనం అనేదేంటంటే, “తెలుగు ఫాంట్ బాలేదు.” చాలాసార్లు ఫాంట్ పాపం ఏమీ ఉండదు, ఇరుకంతా బాక్స్‌ది. ‘క్లీన్’, ‘మినిమల్’ అని రివ్యూల్లో మార్కులు కొట్టేసే యూఐల్లో ఎన్ని తెలుగులో కూడా అలాగే కనిపిస్తాయో? ఆ రివ్యూల్లో చాలావరకు ఫోన్‌ని ఇంగ్లిష్‌లో పెట్టి రాసినవే.

మీలో యూఐ డిజైన్ నేర్చుకుంటున్నవాళ్లు ఉంటే ఒకటి ట్రై చేయండి. మొదటి మాకప్ తెలుగులో గీయండి, ఇంగ్లిష్ తర్వాత దించండి. కొత్త ఫోన్ కొన్నవాళ్లయితే లాంగ్వేజ్ తెలుగుకి మార్చి, ఫాంట్ సైజ్ ఒక మెట్టు పెంచి, ‘రాష్ట్రం’ అన్న మాట ఉన్న నోటిఫికేషన్ వచ్చినప్పుడు చూడండి. ష కింద ఉన్న ట ఒత్తు పూర్తిగా కనిపిస్తోందా, సగమేనా?