సంపాదకుని మాట: పీపాలో ప్రాణమున్న బీరు



ఈ సంచికలో మన ప్రయాణం ఉత్తర ఇంగ్లండుకు. అక్కడ పబ్బంటే ఊరి రచ్చబండ.

ఆ పబ్బుల్లో దొరికే కాస్క్ ఏల్ అనే సంప్రదాయ బీరు పీపాలోకి చేరాక కూడా పులుస్తూనే ఉంటుంది. నేలమాళిగలో దాదాపు 12 డిగ్రీల చల్లదనంలో ఉంచి, చేతిపంపుతో గ్లాసులోకి తోడతారు. పీపా తెరిచాక మూడు రోజుల్లో అయిపోతేనే రుచి. అందుకే పీపాను కంటికి రెప్పలా చూసుకునే యజమాని, రోజూ వచ్చే జనం ఉన్నదే మంచి పబ్బు. ఉత్తరాదిలో పంపు మూతికి స్పార్క్లర్ అనే సన్నచిల్లుల బిరడా బిగిస్తారు. నురగ మీగడలా నిలుస్తుంది.

యార్క్‌షైర్‌లోని మాషమ్ చిన్న ఊరే. 1827లో థీక్‌స్టన్, 1992లో బ్లాక్ షీప్ బ్రూవరీలు అక్కడే పుట్టాయి. అదే యార్క్‌షైర్‌లో 1,732 అడుగుల ఎత్తున ఉన్న టాన్ హిల్ ఇన్ బ్రిటన్‌లోకెల్లా ఎత్తైన పబ్బు.

కాస్క్ ఏల్ నేటికీ నిలిచి ఉండటంలో, సంప్రదాయ బీరును కాపాడేందుకు 1971లో మొదలైన కామ్రా ఉద్యమానిది పెద్ద పాత్ర. వారు ఏటా తెచ్చే ‘గుడ్ బీర్ గైడ్’ వెంట ఉంచుకోండి.

వెళ్లినప్పుడు కారు వదిలి రైలెక్కండి. చేతిపంపు కనిపించిన చోట ఆగి, ఆ ఊరి బీరే అడగండి. అలా అడిగేవాళ్లుంటేనే ఆ పబ్బులు బతుకుతాయి.

— సంపాదకుడు