అర్థంకాని ఆర్డరును ఊహించి పూర్తి చేయవద్దు

మన శరీర కణాల్లో రైబోజోములు అనే అతి సూక్ష్మమైన యంత్రాలున్నాయి. ఎం.ఆర్.ఎన్.ఏ. అనే చీటీని మూడేసి అక్షరాల చొప్పున చదువుతూ, ఎమినో ఆమ్లాలను గుచ్చి ప్రోటీన్లు తయారుచేయడం వీటి పని. వీటి నిర్మాణాన్ని వెల్లడించినందుకే చిదంబరంలో పుట్టిన వెంకట్రామన్ రామకృష్ణన్ గారికి, మరి ఇద్దరితో కలిపి, 2009లో నోబెల్ బహుమతి లభించింది.

చీటీ చెడిపోతే రైబోజోము మధ్యలో ఆగిపోతుంది. వెనుక వచ్చేది దానిని ఢీకొంటుంది. కణానికి అదే హెచ్చరిక. అప్పుడు మూడు పనులు జరుగుతాయి. రైబోజోము రెండుగా విడిపోయి మళ్ళీ పనికి సిద్ధమవుతుంది. సగం తయారైన ప్రోటీనుకు లిస్టెరిన్ అనే ఎంజైము గుర్తు వేసి నాశనానికి పంపుతుంది. చెడిన చీటీ ముక్కలవుతుంది. లిస్టెరిన్ సరిగా పనిచేయని చిట్టెలుకల్లో నరాలు క్షీణించినట్లు 2009లో తేలింది.

ఆగినందుకు రైబోజోముకు శిక్ష లేదు, చెడ్డ చీటీకే శిక్ష! వార్డుల్లోనూ ఇదే పద్ధతి ఉండాలని నా అభిప్రాయం. కేస్ షీటులో మందు పేరో, డోసో అర్థంకానప్పుడు ఊహించి ఇంజెక్షన్ ఇచ్చే సిస్టర్ కన్నా, ట్రే పక్కన పెట్టి డ్యూటీ డాక్టరుకు ఫోన్ చేసే సిస్టరే మేలు. ఆలస్యమైందని ఆమెను కసురుకుంటే రేపటి నుండి అడగడమే మానేస్తుంది. సందేహంతో నింపిన సిరంజిని పారవేయాలి. డాక్టరు గారు ఆ ఆర్డరును కొట్టివేసి, స్పష్టంగా మళ్ళీ రాసి సంతకం చేయాలి.

రోగుల బంధువులకు కూడా ఒక మనవి. సిస్టర్ ఆగి అడుగుతుంటే తొందరపెట్టకండి. ఆ ఐదు నిమిషాలు మీవారి క్షేమం కోసమే.