గుర్రాల ప్రాణాలు తీస్తున్నది ట్రాకేనా? రేస్‌కోర్సుల్లో అసలు సమస్య ఇదీ!

ఒకే రేస్‌కోర్సు.. ఆరు నెలల్లో 30 గుర్రాలు మృతి! అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న శాంటా అనీటాలో 2018 డిసెంబర్ 26 నుంచి 2019 జూన్ మధ్య జరిగిందిది. ఆ శీతాకాలంలో అక్కడ వానలు దంచికొట్టాయి. దీంతో అందరి వేళ్లూ ట్రాక్ వైపే చూపించాయి. మార్చిలో రేసులు ఆపేసి మరీ మట్టిని పరీక్షించారు.

ఇంతకీ నేలకు, ప్రాణానికి లింకేంటి?

దాదాపు 500 కిలోల గుర్రం గంటకు 60 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తుంది. ఒక దశలో ఆ భారమంతా ఒక్క కాలి మీదే పడుతుంది. నేల మరీ గట్టిగా ఉంటే ఎముకకు దెబ్బ. మరీ మెత్తగా ఉంటే కాలు దిగబడి లిగమెంట్లకు దెబ్బ. గట్టి, మెత్త కలిసిన ట్రాక్ అయితే ఇంకా డేంజర్.

గుర్రం కూలితే జాకీ గాల్లోకి ఎగిరిపడతాడు. వెనకొచ్చే గుర్రాల డెక్కల కింద నలిగే ప్రమాదం ఉంటుంది. తల, వెన్నెముక దెబ్బలతో కెరీరే ముగిసిపోవచ్చు.

లెక్కలేం చెబుతున్నాయి?

అమెరికా జాకీ క్లబ్ 2023 డేటా ప్రకారం, ప్రతి వెయ్యి పరుగులకు మట్టి ట్రాక్‌పై 1.43, గడ్డిపై 1.13, సింథటిక్‌పై 0.97 చొప్పున గుర్రాలు చనిపోయాయి. ఇసుక, రబ్బరు, ఫైబర్ ముక్కలకు మైనం పట్టించి తయారు చేసేదే సింథటిక్ ట్రాక్.

మరి అందరూ అదే వేసుకోవచ్చుగా? శాంటా అనీటా 2007లోనే వేసింది. నీరు సరిగా ఇంకక ఇబ్బందులు రావడంతో 2010లో మళ్లీ మట్టికే వెళ్లిపోయింది.

అలాగని తప్పంతా నేలదే కాదు. 2023లో చర్చిల్ డౌన్స్‌లో 12 గుర్రాలు చనిపోతే, నిపుణులు ట్రాక్‌లో లోపం కనిపించలేదన్నారు. శాంటా అనీటాలో చనిపోయిన చాలా గుర్రాలకైతే ఎముకల్లో పాత గాయాలు బయటపడ్డాయి. అంటే, ముందే దెబ్బతిన్న కాలికి తేడా ఉన్న నేల తోడైతే ముప్పు రెట్టింపే.

ఇది మనకూ సంబంధించిన విషయమే. హైదరాబాద్ మలక్‌పేటలో రేసులు గడ్డి ట్రాక్‌పైనే, అదీ వానాకాలంలోనూ జరుగుతాయి. ఒక్క వానకే నేల తీరు మారిపోతుంది. కాబట్టి రేసు రోజున రెండు చెకింగులు తప్పనిసరి. ఒకటి ట్రాక్‌కు, రెండోది గుర్రం కాళ్లకు. ఏ ఒక్కటి తేడాగా ఉన్నా రేసు ఆపే ధైర్యం నిర్వాహకులకు ఉండాలి. పందెం డబ్బులు పోతే మళ్లీ వస్తాయి, జాకీ వెన్నెముక విరిగితే మళ్లీ రాదు.